ఆంబోతు వీర్యంలో దాగి ఉండే క్రోమోజోము లోపాన్ని పట్టుకోవడం ఎలా: ఎద రిజిస్టరు నుంచి రక్తపరీక్ష దాకా

చీపురుపల్లికి దగ్గరలోని ఒక ఊళ్లో రైతులు కలిసి పెంచుకుంటున్న జెర్సీ సంకర ఆంబోతు వీర్యాన్ని కొన్నేళ్ల కిందట నేనే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. వెచ్చని స్లయిడు మీద ఆ చుక్క సుడులు సుడులుగా కదిలింది, కణాలన్నీ చురుగ్గా ముందుకు ఈదాయి, తలలూ తోకలూ సక్రమంగానే ఉన్నాయి. ఆంబోతులో లోపమేమీ లేదని చెప్పి పంపించాను. ఆ మాట నమ్మి ఆ రైతులు మరో ఐదు నెలలపాటు తమ ఆవులను దానికే దాటించారు, ఆవులేమో సగానికి సగం తిరిగి పొర్లుతూనే, అంటే చూడి కట్టక మళ్లీ ఎదకు వస్తూనే ఉన్నాయి. అంత ఆరోగ్యంగా కనిపించిన వీర్యంలో క్రోమోజోముల ముక్కలు తారుమారై ఉన్నాయని తెలిసే సరికి ఆ ఊరు ఒక ఈత కాలాన్ని నష్టపోయింది. అటువంటి పొరపాటు మరొకరు చేయకూడదన్న ఉద్దేశంతో, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పనిచేసే యువ పశువైద్యులకూ, ఊరుమ్మడి ఆంబోతులను చూసుకునే రైతులకూ పనికివచ్చేలా ఈ పరీక్షల క్రమాన్ని రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసిన విషయం

ఆవుజాతి పశువు శరీర కణంలో 60 క్రోమోజోములు ఉంటాయి, వీర్యకణంలో అందులో సగం, అంటే 30 ఉంటాయి. ముర్రా వంటి నది జాతి గేదెలలో ఈ లెక్క 50, 25. ఆంబోతు పుట్టుకతోనే తన కణాలన్నింటిలో ఏదో ఒక మార్పును మోస్తూ ఉంటే, వృషణాల్లో కణవిభజన జరిగేటప్పుడు ఆ మార్పు వీర్యకణాలకు అసమానంగా పంపకమవుతుంది. కొన్ని కణాలకు ఒక ముక్క ఎక్కువ, మరికొన్నింటికి ఒక ముక్క తక్కువ వస్తుంది. ఇది మొదటి రకం లోపం. ఆంబోతు క్రోమోజోములు సవ్యంగానే ఉన్నా, విభజన సమయంలో ఒక జత విడిపోక ఒకే వీర్యకణంలోకి రెండూ చేరిపోవడం రెండో రకం. ఇది ఏ ఆంబోతులోనైనా చాలా కొద్ది కణాల్లో జరుగుతూనే ఉంటుంది. మొదటి రకాన్ని రక్తపరీక్ష పట్టుకుంటుంది, రెండో రకానికి వీర్యకణాలనే నేరుగా పరీక్షించాలి.

లెక్క తప్పిన వీర్యకణం ఎందుకు చక్కగా ఈదుతుందన్న ప్రశ్న సహజంగా వస్తుంది. వృషణంలో తయారయ్యే దశలో వీర్యకణాలు ఒకదానితో ఒకటి సన్నని వంతెనల వంటి మార్గాలతో కలిసి ఉండి, ప్రోటీన్లను పంచుకుంటూ ఎదుగుతాయి. అందువల్ల ఒక ముక్క తక్కువైన కణానికి కూడా పక్కనున్న కణాల నుంచి కావలసినవి అందుతాయి, తోక బాగానే తయారవుతుంది, అండాన్ని చేరి దానితో కలవగలుగుతుంది. లోపం బయటపడేది ఆ తరువాతే, అంటే పిండం కొద్ది రోజులు లేదా కొద్ది వారాలు ఎదిగి చనిపోయినప్పుడు. కాబట్టి వీర్యం ఈదుతున్న తీరును చూసి క్రోమోజోములు బాగున్నాయని నిర్ణయించడం ఎవరికీ సాధ్యం కాదు.

మొదటి అడుగు: రిజిస్టరు చదవడం

పరీక్ష ప్రయోగశాలలో కాక కాగితం మీద మొదలు కావాలి. గోపాలమిత్ర (ఊళ్లో ఆవులకు వీర్యపు సూదులు వేసే కార్యకర్త) దగ్గర ఉండే కృత్రిమ గర్భధారణ రిజిస్టరు కానీ, ఆంబోతును సాకే ఇంట్లో గోడ కేలండరు మీద పెన్సిలుతో పెట్టిన గుర్తులు కానీ తీసుకుని, ప్రతి ఆవుకూ మొదటిసారి దాటించిన తేదీ, మళ్లీ ఎదకు వచ్చిన తేదీ, ఈసుకుపోతే (గర్భం జారిపోతే) ఆ తేదీ, చూడి నిర్ధారించిన తేదీ ఒకే వరుసలో రాసుకోండి.

ఇప్పుడు తేదీల మధ్య రోజులు లెక్కపెట్టండి. 18 నుంచి 24 రోజుల్లో మళ్లీ ఎదకు వస్తే అండం ఫలదీకరణ చెందకపోయి ఉండవచ్చు, లేదా పిండం మరీ తొందరగా పోయి ఉండవచ్చు. పిండం ఉన్నదన్న సంకేతం సుమారు 16, 17 రోజుల దగ్గర తల్లి గర్భాశయానికి అందుతుంది, అది అందిన తరువాత పిండం చనిపోతే ఆవు మామూలు గడువు దాటి, 25 రోజులకో 35 రోజులకో ఇంకా ఆలస్యంగానో ఎదకు వస్తుంది. ఒక ఆంబోతుకు దాటించిన ఆవులలో ఇటువంటి ఆలస్యపు ఎదలు గుంపుగా కనిపిస్తే, పిండాలు ఏర్పడి ఆ తరువాత చనిపోతున్నాయని అనుమానించాలి. నేను ముందు చెప్పిన ఊళ్లో కేలండరు గుర్తులను నేను మొదటే లెక్కపెట్టి ఉంటే 28, 31, 33, 40 అన్న అంకెలు వరుసగా కనపడేవి, ఎందుకంటే తరువాత లెక్కపెట్టినప్పుడు అవే కనిపించాయి.

పోలిక సరిగ్గా ఉండాలి. మే నెల ఎండల్లో ఏ ఆంబోతుకైనా చూడి శాతం పడిపోతుంది, తుపాను రోజుల్లో ఎదను గమనించేవారే ఉండరు, కాబట్టి అదే నెలల్లో, అదే మండలంలో, వీలైతే అదే గోపాలమిత్ర చేతి మీద జరిగిన మరో ఆంబోతు లెక్కతోనే పోల్చాలి. సంఖ్య కూడా సరిపడా ఉండాలి. 50 ఆవులకు దాటిస్తే 20 చూడి కట్టవలసిన చోట 17 కట్టాయంటే అది కాకతాళీయం కావచ్చు. ఊరుమ్మడి ఆంబోతు ఏడాదికి దాటే కొద్దిపాటి ఆవుల లెక్కలో చూడి సగానికి పడిపోయేటంత పెద్ద లోపం మాత్రమే కనపడుతుంది. 5 నుంచి 10 శాతం తగ్గించే లోపం కనపడాలంటే వందల, వేల సంఖ్యలో సూదులు వేసిన వీర్య కేంద్రపు ఆంబోతు లెక్కలు కావాలి. ఊరి ఆంబోతుకు రిజిస్టరు బాగున్నంత మాత్రాన క్రోమోజోములు బాగున్నాయని చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

రెండో అడుగు: మామూలు కారణాలను తొలగించడం

క్రోమోజోము లోపం అరుదు, తిరిగి పొర్లడానికి మామూలు కారణాలు మాత్రం ఊరూరా ఉంటాయి. ఎదను ఆలస్యంగా గుర్తించడం, వీర్యనాళికను సరిగ్గా కరిగించకపోవడం, పశువుకు మేత చాలకపోవడం, ఆంబోతు ద్వారా ఆవుకు అంటుకునే ట్రైకోమోనాస్, కాంపైలోబాక్టర్ వంటి జబ్బులు వీటిలో ముఖ్యమైనవి. సహజంగా దాటే ఆంబోతుకు ఈ చివరి రెండింటి పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే అవి కూడా ఆలస్యపు ఎదలనే కలిగిస్తాయి. ఆవులు ఈసుకుపోతూ ఉంటే బ్రుసెల్లా పరీక్ష ముందు చేయించాలి. ఆ జబ్బు మనుషులకు అంటుతుంది కనుక ఈసుకుపోయిన దూడనూ మాయనూ చేతి తొడుగులు లేకుండా తాకకూడదు.

మూడో అడుగు: ఆంబోతు పుట్టుక, శరీరం

ఈ ఆంబోతు కవల పుట్టుకా, తోడు పుట్టినది పెయ్యా అని తప్పక అడగండి. కోడెదూడా పెయ్యదూడా కవలలుగా పెరిగినప్పుడు మాయల్లోని రక్తనాళాలు సాధారణంగా కలిసిపోతాయి, రక్తకణాలు ఒకరి నుంచి మరొకరికి చేరతాయి. అటువంటి పెయ్యల్లో నూటికి 90కి పైగా గొడ్డుపోతాయని రైతులకు అనుభవమే, కోడె సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. కోడె రక్తంలో కూడా ఆడ కణాలు కలిసి ఉంటాయి, అటువంటి కొన్ని ఆంబోతుల్లో పెద్దయ్యాక సంతానశక్తి తగ్గుతుంది. మన ప్రాంతంలో సింహాచలం అప్పన్నకు కోడెను మొక్కుకుని సమర్పించడం, ఊళ్లో దేవుడి పేర అచ్చువేసి ఆంబోతును వదలడం ఆచారం. అలా వదిలే కోడె కవలో కాదో పెద్దవారిని అడిగి తెలుసుకోవడం చిన్న పనే అయినా ఎంతో మేలు చేస్తుంది.

తరువాత వృషణాల తిత్తి చుట్టుకొలతను టేపుతో కొలిచి, అదే వయసు, అదే జాతి ఆంబోతులతో పోల్చండి. వృషణాలు రెండూ చిన్నవిగా, మెత్తగా ఉండి, వీర్యం నీళ్లలా వచ్చి అందులో కణాలే లేకపోతే, ఒక ఎక్స్ క్రోమోజోము అదనంగా ఉన్న 61, ఎక్స్‌ఎక్స్‌వై స్థితిని అనుమానించాలి. అయితే జ్వరం వచ్చినా, వడదెబ్బ తగిలినా వీర్యం కొంతకాలం పాడవుతుంది. ఆంబోతులో వీర్యకణం తయారు కావడానికి సుమారు 61 రోజులు, ఆపై వృషణాన్ని అంటి ఉండే ఎపిడిడిమిస్ అనే గొట్టం దాటి రావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి, జబ్బు తగ్గిన 75 రోజుల తరువాత మళ్లీ చూసి కానీ తీర్పు చెప్పకూడదు.

నాలుగో అడుగు: రక్తం తీసి పంపడం

నా అనుభవంలో ఎక్కువ నమూనాలు చెడిపోయేది ప్రయోగశాలలో కాదు, మన పశువుల శాలకూ ప్రయోగశాలకూ మధ్య దారిలోనే. ఈ పరీక్షకు బతికి ఉన్న తెల్ల రక్తకణాలు కావాలి. రక్తం గడ్డకట్టినా, కణాలు చచ్చినా పరీక్ష మొత్తం వృథా అవుతుంది. అందుకని రక్తం తీయక ముందే ప్రయోగశాలకు ఫోను చేసి, వారు ఏ రోజుల్లో నమూనాలు తీసుకుంటారో కనుక్కోవాలి. గుజరాత్‌లోని ఆనంద్‌లో జాతీయ పాడిపరిశ్రమ అభివృద్ధి మండలికి ఈ పరీక్ష చేసే ప్రయోగశాల ఉంది. ఇంకా దగ్గరలో ఎక్కడైనా చేస్తున్నారా అన్నది గరివిడి పశువైద్య కళాశాలలోని అధ్యాపకులను అడిగితే దారి చూపుతారు. నమూనా సెలవు రోజున గిడ్డంగిలో పడి ఉండకుండా సోమవారం తీయడం మేలు.

ఆంబోతును ముకుతాడు పట్టి గట్టి గుంజకు కట్టి, మెడ పక్క గాడిలో స్పిరిటుతో దూది నల్లబడడం మానే దాకా తుడవండి. బొటనవేలితో కింద నొక్కితే నరం తాడులా పైకి లేస్తుంది. ఆకుపచ్చ మూత ఉన్న సోడియం హెపారిన్ గొట్టంలోకి 5 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీసి, గొట్టాన్ని కుదపకుండా ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయండి. ఊదా మూత ఉన్న ఇ.డి.టి.ఎ. గొట్టం చేతికి అందుబాటులో ఉంటుంది కానీ, కణాలను పెంచే పరీక్షకు అది పనికిరాదు. గొట్టం మీద ఆంబోతు చెవి పోగుపై ఉన్న 12 అంకెల సంఖ్యను రాయండి, పేరు రాస్తే రాముడు, భీముడు అన్న ఆంబోతులు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. థర్మాకోల్ పెట్టెలో చల్లని జెల్ ప్యాకును వార్తాపత్రికలో చుట్టి పెట్టి, గొట్టం దానికి నేరుగా తగలకుండా చూడాలి, ఎందుకంటే చలికి మంచులా గడ్డకట్టిన రక్తంలో కణాలు పగిలిపోతాయి. 24 గంటల్లో చేరితే మంచిది, 48 గంటలు దాటితే కణాలు సరిగ్గా పెరగకపోవచ్చు.

ఐదో అడుగు: ప్రయోగశాలలో జరిగేది, నివేదిక చదివే తీరు

పని మనం చేయకపోయినా, అది తెలిస్తేనే నివేదిక అర్థమవుతుంది. కొద్దిపాటి రక్తాన్ని పోషక ద్రవంలో వేసి, తెల్ల కణాలు విభజన చెందేలా ప్రేరేపించే పదార్థాన్ని కలిపి, శరీర ఉష్ణోగ్రత దగ్గర 72 గంటలు పెంచుతారు. చివరి గంటలో కాల్చిసిన్ చేర్చి విభజనను మధ్యలో ఆపుతారు. మన కొండల్లో పెరిగే అడవినాభి దుంపలో ఉండే విషం ఇదే. క్రోమోజోములు విడివిడిగా కనిపించేది విభజన మధ్యలోని ఆ క్షణంలోనే కాబట్టి కణాన్ని అక్కడే నిలపాలి. ఆపై పలుచని పొటాషియం క్లోరైడ్ ద్రవంలో కణాలను ఉబ్బించి, మూడు పాళ్ల మిథనాల్‌కు ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో స్థిరపరచి, స్లయిడు మీదికి పై నుంచి చుక్కలుగా జారవిడుస్తారు. జీమ్సా రంగు వేసి నూనె కటకం కింద చూస్తే, ఉబ్బి పగిలిన కణంలోంచి క్రోమోజోములు పరచుకుని ఉంటాయి.

ఆవుజాతిలో 29 జతల మామూలు (ఎక్స్, వై కాని) క్రోమోజోములన్నీ ఒక కొసన ముడి ఉన్న పుల్లల్లా ఉంటాయి. పెద్దదిగా, ముడికి రెండు వైపులా భుజాలతో ఉండేది ఎక్స్ ఒక్కటే. వై సంగతి జాతిని బట్టి మారుతుంది. జెర్సీ, హోల్‌స్టీన్ వంటి విదేశీ జాతుల్లో అది చిన్నదైనా రెండు భుజాలతో ఉంటుంది, ఒంగోలు వంటి మూపురం ఉన్న జాతుల్లో చిన్న పుల్లలా ఉండి మిగతా చిన్న క్రోమోజోముల్లో కలిసిపోతుంది. వై తండ్రి నుంచే వస్తుంది కనుక, నాటు ఆవుకు జెర్సీ వీర్యంతో పుట్టిన ఆంబోతులో విదేశీ వై కనిపించాలి. ముర్రా దున్నలో ఐదు జతలు రెండు భుజాలవి, మిగిలినవన్నీ, ఎక్స్, వైలతో సహా, ఒకే భుజానివి. అక్కడ ఎక్స్ ఆ ఒంటి భుజపు పుల్లలన్నింటిలోకీ పెద్దది.

ఆవుజాతి ఆంబోతు కణంలో పెద్దగా, రెండు భుజాలతో ఉన్నవి ఒకటికి బదులు రెండు కనిపిస్తే వెంటనే మొత్తం లెక్క చూడాలి. మొత్తం 61 ఉంటే ఆ రెండోది అదనపు ఎక్స్. మొత్తం 59 ఉంటే రెండు పుల్లలు ముడి దగ్గర అతుక్కుని ఒకటయ్యాయని అర్థం, దీన్ని రోబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు. వీటిలో అన్నింటికన్నా ప్రసిద్ధమైనది ఒకటో క్రోమోజోము, 29వ క్రోమోజోము అతుక్కున్న 1/29. దీన్ని స్వీడన్‌లో ఇంగెమార్ గుస్టావ్‌సన్ 1964లో అక్కడి ఎరుపు తెలుపు జాతి పశువుల్లో గుర్తించారు. దీన్ని మోసే పశువు చూపులకు పూర్తి ఆరోగ్యంగా ఉంటుంది, కానీ సంతానశక్తి సుమారు 5 నుంచి 10 శాతం తగ్గుతుంది, పుట్టే దూడల్లో దాదాపు సగం ఆ అతుకును మోస్తాయి.

నివేదికలో ఎన్ని కణాలు లెక్కపెట్టారో తప్పక చూడండి. ఆంబోతు పుట్టుకతో మోసే లోపానికి 20, 30 కణాలు చాలు. కవల పుట్టుక అయితే అవి చాలవు, ఎందుకంటే నూటికి ఐదు ఆడ కణాలు ఉన్నా తప్పిపోకుండా దాదాపు పట్టుకోవాలంటే 60 కణాలైనా చూడాలి. రక్తంలో ఆడ కణాలు కనపడినంత మాత్రాన వృషణాలు పాడైనట్టు కాదు, అక్కడ వీర్యపరీక్షనూ రిజిస్టరునూ కలిపి చూసుకోవాలి.

ఇక అన్నింటికన్నా మోసపుచ్చే లోపం రెండు వేరువేరు క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం. లెక్క 60గానే ఉంటుంది, మామూలు రంగులో ఆకారాలు కూడా సవ్యంగా కనిపిస్తాయి, కానీ వీర్యకణాల్లో సగం దాకా అసమానంగా తయారై చూడి శాతం సగానికి పడిపోవచ్చు. నేను చెప్పిన ఆంబోతు మొదటి నివేదికలో 60 అనే వచ్చింది. రిజిస్టరులోని ఆలస్యపు ఎదల పట్టికను జతచేసి, క్రోమోజోముల మీద అడ్డ చారలు కనపడేలా చేసే పట్టీల పరీక్ష చేయమని మళ్లీ కోరితేనే, ఒక పుల్ల కొస మరో పుల్ల మీద ఉన్నట్టు బయటపడింది. రిజిస్టరు చెడ్డగా ఉండి లెక్క మంచిగా వస్తే, పట్టీల పరీక్ష అడగకుండా ఫైలు మూయవద్దు. జన్యు చిప్‌తో చేసే పరీక్ష దీనికి బదులు కాదు, ముక్క పోకుండా చోటు మాత్రమే మారితే చిప్‌కు అది కనపడదు.

ఆరో అడుగు: వీర్యకణాలనే నేరుగా చూడటం

ఈ పరీక్ష ఊరి ఆంబోతుకు అవసరం పడదు. విశాఖపట్నం, నంద్యాలల్లో ఉన్నటువంటి వీర్య కేంద్రాల్లో విలువైన ఆంబోతుకు రక్తం బాగుండి చూడి మాత్రం తక్కువగా ఉన్నప్పుడు, లేదా పరిశోధన కోసం దీన్ని చేస్తారు. వీర్యకణం తలలో డి.ఎన్.ఎ. చాలా బిగుతుగా చుట్టి ఉంటుంది కాబట్టి, ముందు డి.టి.టి. అనే రసాయనంతో ఆ బిగువు సడలించి తల కాస్త ఉబ్బేలా చేస్తారు. తల ఉబ్బకపోతే క్రోమోజోముకు అంటుకునే మెరిసే గుర్తు లోపలికి చేరదు, అతిగా ఉబ్బితే ఆ గుర్తుల చుక్కలు చెదిరిపోతాయి. ఎక్స్‌కు ఒక రంగు, వైకి ఒక రంగు, మామూలు క్రోమోజోము ఒకదానికి మరో రంగు మెరిసే గుర్తులను రాత్రంతా అంటనిచ్చి, వేల కణాలను లెక్కపెడతారు. ఎక్స్ కణాలు, వై కణాలు దాదాపు సమానంగా ఉండాలి. ఒకే కణంలో ఎక్స్, వై రెండూ ఉండి మూడో రంగు ఒకే చుక్కగా ఉంటే ఆ జత విడిపోలేదని, మూడో రంగు కూడా రెండు చుక్కలుంటే ఆ కణానికి మొత్తం సరుకు రెట్టింపు వచ్చిందని అర్థం. గుర్తు వేయని క్రోమోజోముల గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పదు. డి.ఎన్.ఎ. తెగిపోయిందా అని చూసే పరీక్షలు వేరు, ఎండదెబ్బ వల్ల వచ్చే ఆ నష్టం కాలంతో తగ్గుతుంది, క్రోమోజోము అతుకు మాత్రం ఆంబోతు బతికినంత కాలం ఉంటుంది.

ఏడో అడుగు: నిర్ణయం

అతుకు కానీ, ముక్కల మార్పిడి కానీ తేలిన ఆంబోతుకు చికిత్స లేదు, దాన్ని సంతానానికి వాడకూడదు. మన దేశంలో గడ్డకట్టించిన వీర్యం తయారుచేసే కేంద్రాలకు నిర్దేశించిన కనీస ప్రమాణాలలో ఆంబోతు క్రోమోజోముల పరీక్ష ఉంది, ఒక ఆంబోతు వీర్యం వేల ఆవులకు చేరుతుంది కనుక అది ఉండి తీరాలి. ఊరుమ్మడి ఆంబోతుకు ఆ ప్రమాణాలు వర్తించవు, కాబట్టి ఆ బాధ్యత మనమే తీసుకోవాలి. ఆంబోతును ఊళ్లోకి కొని తెచ్చే ముందే రక్తపరీక్ష చేయిస్తే, నేను చూసిన నష్టం జరగకుండా ఉంటుందని నా గట్టి అభిప్రాయం.

లోపం ఉన్న కోడెకు విత్తు కొట్టించి బండికో నాగలికో వాడుకోవచ్చు. దేవుడి పేర వదిలిన ఆంబోతు విషయంలో ఆ మాట నేరుగా అనకండి. ముందు ఊరి పెద్దలనూ పూజారినీ కూర్చోబెట్టి, రిజిస్టరులోని తేదీలను వారికి చదివి వినిపించి, అదే దేవుడి పేర మరో కోడెను వదిలి పాతదాన్ని ఆవుల మందకు దూరంగా కట్టి మేపేలా ఒప్పించడం సాధ్యమేనని అనుభవంతో చెబుతున్నాను.

అప్పటికే పుట్టిన దూడల పని మిగిలి ఉంటుంది. పెయ్యలను అమ్మివేయనవసరం లేదు, పాలకు ఉంచుకోవచ్చు, కానీ వాటిలో సగం తల్లులై మళ్లీ ఆ లోపాన్నే అందించవచ్చు కాబట్టి, తిరిగి పొర్లే పెయ్య రక్తాన్ని ముందుగా పంపండి. కోడెదూడలలో ఏ ఒక్కదాన్నీ పరీక్ష లేకుండా ఆంబోతుగా ఉంచకూడదు. ప్రతి దూడ చెవి పోగు సంఖ్య పక్కన తండ్రి సంఖ్యనూ, నివేదిక తేదీనీ రైతు సేవా కేంద్రంలోని రిజిస్టరులో రాయించి, నివేదిక నకలు ఒకటి గోపాలమిత్రకు ఇవ్వండి, దూడను కొనేవారు ఎవరైనా అడిగితే అతడు చూపించగలగాలి.